కార్తీకంలో తడి, ధనుర్మాసంలో ఖాళీ

ఉదయగిరి దుర్గం ముట్టడి గురించి చదివేవాళ్ళు ఏనుగుల లెక్క దగ్గరే ఆగిపోతారు. గజపతుల చేతిలో ఉన్న ఈ కొండకోట మీదికి 1513లో శ్రీకృష్ణదేవరాయలు 34 వేల కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. కోట లోపలి లెక్క కూడా ఆయనే చెప్పాడు: పదివేల మంది సైనికులు, 400 గుర్రాలు. ఆకలితో మాడ్చితే తప్ప లొంగని కోట గనుక అంతకు మించి బలం అక్కర్లేదనుకున్నారట. ముట్టడి ఏడాదిన్నర సాగింది. 1514లో కోట పడింది. కోటను కాస్తున్న గజపతి బంధువు తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. రౌతు అంటే గుర్రమెక్కినవాడనే అర్థం.

ఆ 400 గుర్రాలు ఏమయ్యాయో మాత్రం ఎవరూ అడగరు. గుర్రాన్ని మేపినవాడైతే ముందు ఆ లెక్కే వేస్తాడు. ఓ మోస్తరు గుర్రానికి రోజుకు ఏడు కిలోల మేత, ముప్ఫై లీటర్ల నీళ్ళు అనుకుందాం. నాలుగు వందల గుర్రాలకు రోజుకు దాదాపు మూడు టన్నుల మేత, 12 వేల లీటర్ల నీళ్ళు. ఏడాదిన్నరకు మేతే పదిహేను వందల టన్నులు. అదంతా ముట్టడికి ముందే కొండెక్కి ఉండాలి, లేదంటే నెలనెలా గుర్రాలు తగ్గిపోతూ ఉండాలి. నడుమ ఒక ఈశాన్య రుతుపవనం, ఒక చలికాలం. జారుడు బండలు, తడిసిన గడ్డివాములు, నాలుగడుగులు వెయ్యడానికి చోటు లేక కట్టుకొయ్య దగ్గరే నిలబడిపోయిన గుర్రాలు.

చలికాలంలో గుర్రాన్ని ఎలా సాకాలి అన్న ప్రశ్నకు ప్రపంచంలో దొరికే జవాబుల్లో చాలా భాగం మంచు కురిసే దేశాల్లో పుట్టినవి. నీటితొట్టి గడ్డకట్టకుండా ఏం చెయ్యాలి, గిట్టల కింద మంచు ముద్దలు కట్టకుండా ఏం రాయాలి, ఏ కంబళి ఎన్ని గ్రాములుండాలి అన్న చర్చలే వాటినిండా. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడమే అరుదు. ఆ జవాబుల్లో మనకు పనికొచ్చేదేమిటి, పనికిరానిదేమిటి?

మన దగ్గర చలికాలం అనే పేరు పెట్టుకున్న కాలానికి అసలు రూపం వాన. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద సోమశిల దిగువ ఊళ్ళను ముంచింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకు ముందు రెండు రోజులూ నెల్లూరు జిల్లాను తడిపి ముద్ద చేసింది. పశువులకు ఈ కాలం ఎంత గడ్డుదో గొర్రెలకాపరులను అడిగితే చెబుతారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఒంటి మీద ఉన్నది వెంట్రుకే. ముసురు పట్టి మూడు రోజులు వదలకపోతే మంద మొత్తం ముడుచుకుపోతుంది. కంబళి కావాలన్నా పడమటి సీమలవైపు చూడాల్సిందే.

గుర్రం గొర్రె కంటే మొండిది. ఈ సంగతి మొదట ఒప్పుకోవాలి, ఎందుకంటే గుర్రాన్ని ప్రేమించేవాళ్ళు చాలామంది తమకు చలేస్తే దానికీ వేస్తుందనుకుంటారు. కెనడాలో జరిగిన పరిశోధనల ప్రకారం చలికి అలవాటు పడి, దళసరి వెంట్రుక పెంచుకుని, ఒళ్ళు పొడిగా ఉన్న పెద్ద గుర్రం సున్నాకు పదిహేను డిగ్రీలు కిందికి పోయేదాకా ఒంటి వేడి నిలుపుకోవడానికి ప్రత్యేకంగా కష్టపడదు. ఆ గీత దాటాక ఒక్కో డిగ్రీకి మేతలో రెండున్నర శాతం దాకా ఎక్కువ శక్తి కావాలి. చలి ఎరగని గుర్రానికి ఆ గీత ఐదు డిగ్రీల దగ్గరే ఉంటుంది. అప్పుడే పుట్టిన పిల్లకైతే ఇరవై దగ్గర. సైబీరియాలోని యాకూత్ గుర్రాలు ఇంకో మెట్టు పైన. సున్నాకు అరవై డిగ్రీలు కిందికి పోయే చలిలో ఆరుబయటే ఉండి, గిట్టలతో మంచు తవ్వుకుని, అడుగున ఉన్న ఎండుగడ్డి తింటాయి. ఆ జాతి అక్కడికి చేరి ఎనిమిది వందల ఏళ్ళకు మించలేదని 2015లో వచ్చిన జన్యు అధ్యయనం తేల్చింది.

మన గుర్రానికి ఇక్కడో చిన్న చిక్కుంది. గుర్రం చలికాలపు వెంట్రుకను పెంచుకోవడానికి ముఖ్యంగా చూసేది గాలి చల్లదనాన్ని కాదు, పగటి పొద్దును. పగలు కుదించుకుపోతున్న కొద్దీ చర్మానికి కబురందుతుంది. నార్వేలాంటి చోట వేసవి పగటికీ శీతకాలపు పగటికీ పన్నెండు గంటలకు పైగా తేడా. ఉదయగిరిలో ఆ తేడా రెండు గంటల లోపే. అందుకే మన గుర్రం ఒంటి మీద కార్తీకంలోనూ దాదాపు వైశాఖం నాటి వెంట్రుకే కనిపిస్తుంది. పలచటి చొక్కా వేసుకుని వానలో నిలబడ్డట్టు దాని పని. పదిహేడు డిగ్రీల పొడి రాత్రి దాన్నేమీ చెయ్యదు. అదే పదిహేడు డిగ్రీల్లో గాలి తోడైన ముసురు దాన్ని వణికిస్తుంది. వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలే గుర్రానికి దుప్పటి. తడిస్తే వెంట్రుకలు ఒంటికంటుకుపోతాయి, గాలి పోతుంది, దుప్పటి పోతుంది.

ఈ మాట గుర్రాల చేతే చెప్పించిన ప్రయోగం ఒకటుంది. నార్వే పరిశోధకులు 23 గుర్రాలకు మూడు గుర్తులు నేర్పారు. అడ్డగీత ఉన్న పలకను మూతితో తాకితే కంబళి కప్పుతారు, నిలువుగీతను తాకితే తీసేస్తారు, ఏ గీతా లేని పలకను తాకితే ఎలా ఉన్నది అలాగే ఉంచుతారు. రోజుకు కొద్ది నిమిషాల చొప్పున నేర్పితే రెండు వారాల్లో 23 గుర్రాలకూ పట్టుబడింది. 2016లో ఫలితాలు ప్రచురించారు. ఎండ కాసిన రోజుల్లో గుర్రాలు కంబళి వద్దన్నాయి. వానా గాలీ కలిసిన చల్లటి రోజుల్లో ఎక్కువ గుర్రాలు వెళ్ళి అడ్డగీతను తాకాయి. కప్పాలా వద్దా అని మనుషులు ఏళ్ళ తరబడి చేసుకున్న వాదన అక్కడికి చాలావరకు తీరిపోయినట్టే. పొడిగా ఉంటే వదిలెయ్యండి, తడిసేట్టుంటే కప్పండి అన్నది గుర్రాల తీర్పు. అయితే తడిసిన ఒంటి మీద కంబళి వేస్తే తడిని లోపల దాచిపెట్టినట్టవుతుంది. ముందు తుడవాలి.

ఇక మేత దగ్గరికొస్తే పాత పద్ధతికీ కొత్త శాస్త్రానికీ కాస్త పేచీ ఉంది.

తెలుగు నేలలో గుర్రం దాణా అంటే ఉలవలు. నానబెట్టి, ఉడికించి, గుగ్గిళ్ళుగా పెట్టేవారు. విజయనగరం చూసిన డొమింగో పేస్ కూడా ఈ సీమలో బార్లీ లేదు గనుక గుర్రాలకు పప్పుగింజలే పెడతారని రాశాడు. ఉడికించడంలో పెద్దల తెలివి ఉంది. పచ్చి గింజలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉడికితే విరుగుతాయి. అంతకు ముందే, పదమూడో శతాబ్దం చివర్లో తమిళ తీరం చూసిన మార్కోపోలో అక్కడి గుర్రాలకు మాంసంతో కలిపి ఉడికించిన అన్నం పెడుతున్నారని, సాకడం తెలియక గుర్రాలు చచ్చిపోతున్నాయని, అందుకే ఏటా వేలకొద్దీ కొత్త గుర్రాలు ఓడల్లో దిగుతున్నాయని వెక్కిరించాడు. తెలుగువాళ్ళకు సాకడం తెలియదని మాత్రం అనలేం. కాకతీయుల కాలంలో అశ్వాధిపతికి సాహిణి అనే పదవే ఉండేది. గణపతిదేవుడి కొలువులోని గంగయ సాహిణి పేరు శాసనాల్లో కనిపిస్తుంది. మనుమంచి భట్టు తెలుగులో గుర్రాల లక్షణాల మీద గ్రంథమే రాశాడు. అయినా కొనుగోలు ఆగలేదు. ఉదయగిరి కోసం గజపతులతో పోరాడిన సాళువ నరసింహుడు దారిలో చచ్చిన గుర్రాలకు సైతం వెల కట్టేవాడని, వర్తకులు తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చినంత డబ్బూ ఇచ్చేవాడని న్యూనిజ్ రాశాడు. తోకకు డబ్బులిచ్చిన రాజు దగ్గర గుర్రం ఎంత అపురూపమో వేరే చెప్పాలా.

పేచీ ఎక్కడంటే, ఉలవలు వేడి చేస్తాయి, చలికాలంలో రెండు దోసిళ్ళు ఎక్కువ వెయ్యాలి అన్న నమ్మకం దగ్గర. గింజ బలాన్నిస్తుంది, అందులో అనుమానం లేదు. ఒంట్లో నిలకడగా వేడి పుట్టించేది మాత్రం గడ్డి. గుర్రం పొట్ట చిన్నది, పెద్దపేగు మాత్రం పెద్ద కాగులాంటిది. పీచు అక్కడికి చేరి కోట్లకొద్దీ సూక్ష్మజీవుల మధ్య గంటల తరబడి పులుస్తుంది. ఆ పులియడంలో పుట్టే వేడే లోపలి కుంపటి. వాన రాత్రి గుర్రానికి అదనంగా ఏదైనా పెట్టాలనిపిస్తే ఒక మోపు ఎండుగడ్డి పెట్టడం మేలు. గింజ మోతాదు ఒక్కసారిగా పెంచితే అదే కాగు పుల్లబడిపోయి కడుపు శూల వస్తుంది, గిట్టల లోపల వాపు కూడా రావచ్చు. మన జిల్లాలో ఇంకో సంగతి: ఎటు చూసినా దొరికేది వరిగడ్డే. అందులో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, సారం తక్కువ. మెట్టలో దొరికే జొన్న చొప్ప, గరిక దానికంటే చాలా నయం. వానకు తడిసి బూజు పట్టిన గడ్డి మాత్రం ఎద్దుకు వేసినా గుర్రానికి వెయ్యకూడదు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిన చెడు మొత్తం దాని పేగుల గుండానే పోవాలి.

నీళ్ళ విషయంలో పేచీ లేదు. చల్లబడితే గుర్రం తాగడం తగ్గిస్తుంది. అమెరికాలో పొట్టి గుర్రాల మీద చేసిన ఒక ప్రయోగంలో, చలికాలంలో మంచులాంటి నీళ్ళకు బదులు కాస్త వేడి చేసిన నీళ్ళు పెడితే దాదాపు 40 శాతం ఎక్కువ తాగాయి. మన నీళ్ళు మంచులా ఉండవు గనుక అంత తేడా ఇక్కడ ఉండకపోవచ్చు. కానీ ముసురు రోజుల్లో గుర్రం మూతి ముంచి వదిలేసిన బకెట్ చాలామంది చూసే ఉంటారు. ఎండుగడ్డి పెరిగి, నీళ్ళు తగ్గి, నడక ఆగితే పేగులో మేత గట్టిపడి అడ్డం పడుతుంది. పశువైద్యులు చలికాలంలో ఎక్కువగా చూసే గుర్రపు కడుపునొప్పి ఇదే. దాణాలో గుప్పెడు ఉప్పు, బకెట్‌లో చెంబెడు వేడినీళ్ళు, సగం జబ్బుకు అదే మందు.

ఇంతవరకు చెప్పినదంతా ఒక రాత్రిలోకి కుదించి చూద్దాం. కార్తీకమాసం, పెళ్ళిళ్ళ కాలం. ఆత్మకూరులో ఒక ఊరేగింపు. ముందు బ్యాండు మేళం, వెనక జనరేటరు బండి, నడుమ సీరియల్ బల్బుల గొడుగు కింద తెల్ల గుర్రం. దాని మీద జరీ అంచు మొఖమల్ గుడ్డ, ఆ పైన పెళ్ళికొడుకు. సన్నగా తుంపర మొదలైంది. టపాకాయలు పేలుతుంటే గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. భయానికీ బరువుకీ గుడ్డ కింద చెమటలు పట్టాయి, గుడ్డ పైన వాన పడుతోంది. మొఖమల్ రెండు వైపుల తడినీ పీల్చుకుని గోనెలా బరువెక్కింది. అర్ధరాత్రి ఊరేగింపు అయ్యాక గుర్రాన్ని చిన్న ట్రక్కు ఎక్కించారు. నెల్లూరు యాభై కిలోమీటర్లకు పైనే. వెనక తలుపు తెరిచే ఉంటుంది, గంటకు నలభై కిలోమీటర్ల గాలి తడిసిన ఒంటికి గంటన్నర పాటు తగులుతుంది.

దీనికి గుర్రం చచ్చిపోదు. వణుకుతుంది. నడుము కండరాలు బిగుసుకుంటాయి. మర్నాడు మేత సగం వదిలేస్తుంది, మేత వదిలిన గుర్రం నీళ్ళు కూడా తాగదు. మూడో రోజు ఇంకో పెళ్ళి.

ట్రక్కెక్కించే ముందు పదిహేను నిమిషాలు ఉంటే చాలు. మొఖమల్ తీసెయ్యాలి. గుప్పెడు ఎండుగడ్డిని మెలితిప్పి చుట్టలా చేసుకుని, వెంట్రుకకు ఎదురుగా మెడ నుంచి పిర్ర దాకా గట్టిగా రుద్దాలి. పాత రౌతులు మాలీషు అనేది దీన్నే. వెంట్రుక నిక్కబొడుచుకుంటే మళ్ళీ గాలి పట్టుకుంటుంది. చెవుల మొదళ్ళు చేత్తో పట్టుకుని చూడాలి. అవి చల్లగా ఉంటే ఇంకా రుద్దాలి, వెచ్చబడ్డాయంటే సగం పనైనట్టే. ముందరి కాళ్ళ నడుమ ఛాతీ కింద చెయ్యి పెట్టి చూస్తే తడి ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది. తర్వాత పొడి గోనెపట్టా కప్పి, తాడుతో వదులుగా కట్టి, ఒక పది నిమిషాలు నడిపించి అప్పుడు ఎక్కించాలి. దీనికి పరికరాలు అక్కర్లేదు. పొడిగా ఉంచిన రెండు గోనెపట్టాలు ఉండాలి, అంతే. వాన రాత్రి దొరకనిది అదే.

కార్తీకం, మార్గశిరం దాటాక కథ తలకిందులవుతుంది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది. సంక్రాంతి దాకా, ఆ పైన పుష్యం గడిచి మాఘం వచ్చేదాకా హిందూ పెళ్ళిళ్ళ ముహూర్తాలు దాదాపుగా ఉండవు. ముస్లింల, క్రైస్తవుల పెళ్ళిళ్ళు కొన్ని ఉన్నా మొత్తం మీద గుర్రానికి సెలవే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత యజమానికి గుర్తొచ్చేది ఈ నెలా నెలన్నరలోనే. ఆదాయం లేదు, ఖర్చుంది. కొందరు దాణా పూర్తిగా ఎత్తేస్తారు. ఇంకొందరు, పాపం, ప్రేమకొద్దీ అదే దాణా పెడుతూ గుర్రాన్ని కొట్టంలో కట్టేసి ఉంచుతారు. నిజానికి రెండోవాళ్ళే ఎక్కువ చేటు చేస్తారు.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా నగరాల్లో బండ్లు లాగే గుర్రాలకు ఒక జబ్బు వచ్చేది. వారమంతా చాకిరీ, ఆదివారం సెలవు, దాణా మాత్రం తగ్గేది కాదు. సోమవారం ఉదయం బండికి కడితే కాసేపటికే గుర్రం చెమటలు కక్కి, వెనకకాళ్ళు కర్రల్లా బిగుసుకుని, అడుగు తీసి అడుగు వెయ్యలేక నిలబడిపోయేది. మూత్రం కాఫీ రంగులోకి మారేది. అందుకే దానికి సోమవారపు జబ్బు అని పేరు పడింది. కండరాల కణాలు చితికి, వాటి రంగు మూత్రంలోకి దిగడమే కారణం. కొన్ని గుర్రాలకు పుట్టుకతోనే ఆ లక్షణం ఉంటుందని తర్వాత తేలింది గానీ, నిండు దాణా, కదలని ఒళ్ళు, ఆపైన ఒక్కసారిగా పని అన్న మూడూ కలిస్తే ప్రమాదం పెరుగుతుందన్న మాట మారలేదు. ధనుర్మాసమంతా కట్టేసి మేపిన పెళ్ళి గుర్రానికి మాఘంలో మొదటి ముహూర్తం సరిగ్గా ఆ సోమవారంలాంటిది.

మందు చౌకది. పని ఆగిన రోజే దాణా సగానికి దించాలి, గడ్డి అలాగే ఉంచాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపించాలి. స్వేచ్ఛగా వదిలిన గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూ అడుగులేస్తూనే ఉంటుంది. కట్టుకొయ్య దగ్గర గంట నడక దానికి భిక్షలాంటిది. వాన పడి బయట బురదగా ఉంటే పొడవాటి తాడు పట్టుకుని కొట్టం చుట్టూ తిప్పినా సరే. ముహూర్తాలు మళ్ళీ మొదలయ్యే వారం ముందునుంచి నడకను కొద్దికొద్దిగా పెంచి, ఆ తర్వాతే దాణా పెంచాలి. ఈ వరస తిరగేసినవాళ్ళే ఎక్కువ.

బురద సంగతి రెండు ముక్కల్లో. తడి కొట్టంలో నిలబడ్డ గుర్రం గిట్ట మధ్య మెత్తటి భాగం నల్లబడి కంపు కొడుతుంది. రోజూ గిట్ట ఎత్తి, లోపలి మట్టి గీకి, ఆరబెడితే అది రాదు. బురదలో దాగిన మేకు గుచ్చుకుంటే మనిషి కంటే ముందు గుర్రానికే ధనుర్వాతం ముప్పు. టీకా వేయించకపోవడం అంటే జూదమాడటమే. వానలు వెనకబడ్డాక జోరీగలు వస్తాయి. సర్రా జ్వరం వాటి వెంటే వస్తుంది. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు మొదట కనిపెట్టింది అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గుర్రాల, ఒంటెల రక్తంలోనే. గాలి తగలకూడదని కొట్టానికి నాలుగు వైపులా పట్టాలు బిగించేవాళ్ళూ ఉన్నారు. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరి మనిషి తల ఎత్తు కంటే గుర్రం పడుకునే ఎత్తులో ఎక్కువ ఘాటుగా ఉంటుంది. కొట్టంలోకి వెళ్ళి నేల దగ్గరికి వంగి ఊపిరి తీసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. వాన కొట్టే వైపు మూసి, మిగతా వైపులు తెరిచి ఉంచడమే పద్ధతి.

తెలుగు నేలలో నిజమైన చలి, నిజమైన పని గుర్రం రెండూ కలిసే చోటు ఒకటే, పాడేరు ఏజెన్సీ. లంబసింగి ఎత్తు ఇంచుమించు ఉదయగిరి దుర్గమంతే, మూడువేల అడుగుల చిల్లర. అయినా అక్కడ డిసెంబరు, జనవరిల్లో ఉష్ణోగ్రత సున్నా అంచుల దాకా దిగిన రోజులున్నాయి. రోడ్డు లేని కొండ పల్లెలకు రేషను బియ్యం, సంతకు పసుపు, మిరియాలు, కాఫీ గింజలు పొట్టి గుర్రాల మీద వెళ్తాయి. వాటికి కంబళ్ళు కప్పేవాళ్ళు లేరు, గుగ్గిళ్ళు వండేవాళ్ళు లేరు. కానీ పగలంతా నడుస్తాయి, కొండ గడ్డి మేస్తాయి, వెంట్రుక మొద్దుగా ఉంటుంది. చలి విషయంలో అవి పట్నపు పెళ్ళి గుర్రం కంటే సుఖంగా ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. వీపు పుళ్ళూ, అరిగిన గిట్టలూ వాటి అసలు బాధ. అది వేరే వ్యాసం.

గుర్రాన్ని చెడగొట్టేది చలి ఒక్కటే కాదన్న మాటకు మంచు దేశాల చరిత్ర కూడా సాక్ష్యం. నెపోలియన్ గుర్రాలను రష్యా చలి చంపిందని అందరూ అంటారు. 1812 జూన్ చివర్లో, అంటే వేసవిలోనే, నీమన్ నది దాటిన కొద్ది రోజుల్లో కుంభవృష్టికి, పచ్చి పైరు మేసిన కడుపునొప్పికి వేల గుర్రాలు రాలిపోయాయి. శీతకాలంలో మిగిలినవి మంచు మీద జారి పడ్డాయి. లాడాలకు మంచును పట్టుకునే మొనలు వేయించాలని సైన్యంలో ఎక్కువమందికి తోచలేదు. అశ్వశాలాధికారి కోలాంకూర్ చక్రవర్తి సొంత గుర్రాలకు మాత్రం వేయించాడు, అవి చాలావరకు నిలబడ్డాయి.

వందేళ్ళ తర్వాత దక్షిణ ధ్రువానికి బయల్దేరిన స్కాట్ 19 పొట్టి గుర్రాలను వెంట తీసుకెళ్ళాడు. కుక్క ఒంటికి చెమట పట్టదు, గుర్రానికి పడుతుంది. నడిచినంతసేపూ కారిన చెమట, ఆగగానే ఒంటి మీదే గడ్డకట్టేది. ఆగిన ప్రతిచోటా మనుషులు మంచు దిమ్మెలు కోసి గుర్రాలకు గాలి అడ్డు గోడలు కట్టారు. వాటిని సాకిన కెప్టెన్ ఓట్స్ కష్టానికి లోటు లేదు. అయినా 1911 డిసెంబరు 9న, హిమానీనదం మొదట్లో, మిగిలిన గుర్రాలను కాల్చేయక తప్పలేదు. ఐదు రోజుల తర్వాత స్కాట్ పోటీదారు అముండ్‌సెన్ కుక్కల బండ్లతో ధ్రువం చేరాడు.

మన పాఠకులకు అంతగా తెలియని ముక్క దీని తర్వాత వస్తుంది. స్కాట్ సాయం కోసం భారత ప్రభుత్వం ఏడు హిమాలయ కంచరగాడిదలను అంటార్కిటికాకు పంపింది. లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణి, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహెబ్ వాటి పేర్లు. మంచు వెలుగుకు కళ్ళు దెబ్బతినకుండా కళ్ళజోళ్ళు, మంచులో కూరుకోకుండా గిట్టలకు తొడుగులు వాటికి తయారుచేశారు. తమ దాణా వదిలేసి టీ పొడి పిప్పి, తాళ్ళు నమిలేవని ఆ యాత్రలో ఉన్న చెర్రీ గారార్డ్ రాశాడు. తిరుగుదారిలో ప్రాణాలు విడిచిన స్కాట్ గుడారాన్ని వెతికి 1912 నవంబరు 12న కనుక్కున్న బృందంతో నడిచినవి ఇవే. మేత ఎంత బలమైనదైనా తినకపోతే కుంపటి వెలగదని అక్కడ మళ్ళీ రుజువైంది.

మళ్ళీ మన నేలకొస్తే, హైదరాబాదు మలక్‌పేటలో చలికాలం అంటే పందేల కాలం. మేలుజాతి గుర్రాలకు పద్దెనిమిది డిగ్రీల తెల్లవారుజామే హాయి. ఇంగ్లండు నుంచి వేడి దేశాలకు తెచ్చిన పందెపు గుర్రాలు కొన్ని చెమట పట్టడమే మానేసి వేసవిలో కూలబడేవని వందేళ్ళ కిందటి పశువైద్యులే రాశారు. మన దగ్గర గుర్రానికి పగ వైశాఖమే. చలికాలాన్ని మనం చెడగొట్టకుండా ఉంటే చాలు, అది దానికి మంచి కాలం.

అడిగే దిక్కు మాత్రం తగ్గిపోతోంది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి మూడు లక్షల నలభై వేలకు పడిపోయాయి. జట్కాలు పోయాయి, లాడాలు కొట్టేవాళ్ళు తగ్గారు. మండల పశువుల ఆస్పత్రిలో బర్రె, గొర్రె, ఎద్దు జబ్బులకు దొరికే మాట గుర్రానికి దొరకడం కష్టం. గుర్రాల మీదే పనిచేసే జాతీయ పరిశోధనా కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది. అక్కడి సంగతులు తెలుగులో ఒక పది పేజీల చిన్న పుస్తకంగా వస్తే పెళ్ళి గుర్రాల యజమానులకు ఎంత ఉపకారమో. మన పశువైద్య విశ్వవిద్యాలయానికి ఇది పెద్ద బరువేమీ కాదు.

ఈలోగా, ఈ కార్తీకంలో పెళ్ళికి గుర్రం మాట్లాడుకునేవాళ్ళు బేరంలో రెండు సంగతులు కలుపుకోండి. ఊరేగింపు ముగిశాక గుర్రాన్ని తుడిచి ఆరబెట్టడానికి కల్యాణమండపం వెనక చూరు కింద ఒక అరగంట చోటివ్వండి. వంటవాళ్ళను అడిగి గోరువెచ్చని నీళ్ళు ఒక బకెట్, పొడి గోనెపట్టాలు రెండు తెప్పించి పెట్టండి.